ముందే తెలిసినంత మాత్రాన

హైదరాబాద్‌లో స్థలాల మాట వచ్చిన ప్రతి చోటా ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ముప్పై ఏళ్ల కిందట మాదాపూర్ వైపు రెండెకరాలు కొని పడేసి ఉంటే ఈపాటికి తరతరాలు కూర్చుని తినేవాళ్లమని. బంగారం పది గ్రాములు లక్ష రూపాయలు దాటిన 2025లో అదే మాట బంగారం గురించి విన్నాం. ఇన్ఫోసిస్ పేరెత్తితే అదే మాట షేర్ల గురించి వింటాం. ఈ నిట్టూర్పుల వెనక ఒక గట్టి నమ్మకం ఉంది. అప్పట్లో మనకు తెలియలేదు కాబట్టే డబ్బు రాలేదని, తెలిసి ఉంటే చాలునని. ఆ నమ్మకంలో పస ఎంతో తేల్చుకోవడానికి కాలయంత్రాన్ని మించిన గీటురాయి లేదు. 1895లో హెచ్.జి. వెల్స్ నవల మొదలు 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' దాకా ఆ యంత్రం మనకు బాగా పరిచయమే. అది నిజంగానే చేతికొచ్చిందని, భౌతికశాస్త్రం ఏమీ అడ్డు చెప్పలేదని అనుకుందాం. అప్పుడైనా ధనవంతులం అవుతామా? దాదాపు అసాధ్యమనే నా వాదన. ఆ కష్టం యంత్రంలో లేదు, ఆస్తి స్వభావంలోనే ఉంది. ఒక పేరు మీద, ఒక చిరునామాలో, నలుగురి ఎదుట ఏళ్ల తరబడి నిలబెట్టుకుంటూ వచ్చే హక్కునే ఆస్తి అంటాం. కాలంలో దూకేవాడు వదిలేసి వెళ్లేది సరిగ్గా ఆ ఏళ్లనే.

ఆశ ఎంత బలమైనదో ముందు ఒప్పుకోవాలి. ఇన్ఫోసిస్ 1993 ఫిబ్రవరిలో షేరు 95 రూపాయల చొప్పున జనానికి అమ్మకానికి పెట్టింది. ఆ ఇష్యూకి తగినంత గిరాకీ రాలేదు, మోర్గాన్ స్టాన్లీ ముందుకొచ్చి వాటా తీసుకుంటే గానీ గట్టెక్కలేదు. అంటే ఆ రోజున వంద షేర్లకు దరఖాస్తు పెట్టిన మామూలు మనిషికి అవి దొరకడం కష్టమేమీ కాదు. పెట్టుబడి 9,500 రూపాయలు. తర్వాతి పాతికేళ్లలో వచ్చిన బోనస్ షేర్లు, ముఖవిలువ విభజన అన్నీ లెక్కవేస్తే ఆ వంద కాస్తా 2018 నాటికి 1,02,400 షేర్లు అయ్యాయి. షేరు 1,500 రూపాయలు పలికిన రోజున వాటి విలువ 15 కోట్ల పైమాటే, ఏటా వచ్చిన డివిడెండ్లు వేరే. ఈ అంకెల్లో అతిశయోక్తి లేదు. కాబట్టి కాలయాత్రికుడి లెక్క తప్పని నేను అనడం లేదు. ఆ లెక్కకూ అతని జేబుకూ మధ్య ఏముందో చూడమంటున్నాను.

మొదటి చిక్కు ప్రయాణానికి ముందే వస్తుంది. 1993కి ఏ డబ్బు పట్టుకెళ్లాలి? ఇప్పటి ఐదు వందల నోటు ఒకటి తీసి చూడండి. వెనక వైపు ఎర్రకోట, స్వచ్ఛ భారత్ కళ్లద్దాల గుర్తు, అచ్చయిన సంవత్సరం ఉంటాయి. ముందు వైపు అప్పటికి ఆ పదవిలోకి రాని గవర్నర్ సంతకం ఉంటుంది. 1993లో కోఠి దుకాణదారు దాన్ని వెలుగుకు పట్టి చూస్తే నేరుగా పోలీసుల్ని పిలుస్తాడు. దొంగనోట్లు దగ్గర పెట్టుకున్నందుకు అప్పటి శిక్షాస్మృతిలోని 489-సి సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. అప్పటి నోట్లే సంపాదించాలంటే పాత నోట్లు సేకరించేవాళ్ల దగ్గర ముఖవిలువ కంటే ఎక్కువ పెట్టి కొనాలి. బంగారం తీసుకెళ్దామంటే 2025లో లక్ష పెట్టి కొన్న పది గ్రాములకు అక్కడ వచ్చేది దాదాపు నాలుగు వేలు. ధర పెరుగుతూ వచ్చిన వస్తువును వెనక్కి మోసుకెళ్లడమంటే ఆ పెరుగుదలంతా నష్టంగా కట్టడమే. ఇంకా వెనక్కి, 1970ల్లోకి వెళితే మరో ప్రమాదం. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యే దాకా మామూలు మనిషి దగ్గర బంగారం కడ్డీ ఉండటమే నేరం. నగలుగా తీసుకెళితే తరుగు పోతుంది, బిల్లేదని అడుగుతారు, ఎవరి ఇంటివని అడుగుతారు. తిరుగు ప్రయాణంలో కట్టలు తెచ్చుకోవడమూ అంతే. 1946లో, 1978లో, 2016లో పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2017లో చేసిన చట్టం ప్రకారం రద్దయిన నోట్లు పదికి మించి ఉంచుకోవడం కూడా నేరమే.

ఇదంతా దాటి 9,500 రూపాయలు సమకూరాయనే అనుకుందాం. అసలు కథ అక్కడే మొదలవుతుంది. చెక్కుతో కట్టాలంటే బ్యాంకు ఖాతా కావాలి. ఆ రోజుల్లో ఖాతా తెరవాలంటే పరిచయం చేసే మరో ఖాతాదారు సంతకం కావాలి. అప్పుడే ఊడిపడ్డ మనిషిని ఎవరు పరిచయం చేస్తారు? ఆ గండమూ గడిచి షేర్లు కేటాయించారనుకుంటే, కాగితపు సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో అతను రాసిచ్చిన చిరునామాకు వస్తాయి. బోనస్ ఇచ్చిన ప్రతిసారీ మళ్లీ వస్తాయి, ఏటా డివిడెండు వారంట్లు వస్తాయి. అందుకునే మనిషి యంత్రమెక్కి 2025కి వెళ్లిపోయాడు. కవర్లు తిరిగి వెళతాయి. కంపెనీల చట్టం ప్రకారం వరసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోని షేర్లను ప్రభుత్వం నడిపే పెట్టుబడిదారుల నిధికి, అంటే ఐఈపీఎఫ్‌కి, బదిలీ చేస్తారు. 2019 ఏప్రిల్ నుంచి కాగితపు షేర్లను ఇంకొకరి పేరుకు మార్చడం కూడా ఆపేశారు. వెనక్కి తెచ్చుకోవాలంటే ఐఈపీఎఫ్-5 ఫారం నింపాలి. పాన్, ఆధార్, డీమ్యాట్ ఖాతా చూపాలి, పాత సంతకంతో కొత్త సంతకం కలవాలి. ఆధార్ మీద పుట్టిన తేదీ 1995 అని ఉన్న మనిషి 1993లో తాను పెట్టిన దరఖాస్తు మీద హక్కు ఎలా అడుగుతాడు? 1970లో పుట్టినవాడైతే అదే పేరుతో, అవే వేలిముద్రలతో అప్పటికే ఒక యువకుడు ఊళ్లో తిరుగుతున్నాడు. రికార్డుల్లో ఆ పేరు ఆ యువకుడిది.

భూమి దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన మాట నిజమే. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైందని తెలిసినవాడు 1988లో ఆ చుట్టుపక్కల భూములు కొనాలనుకోవడమూ సహజమే. అయితే 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం హైదరాబాద్ నగర సముదాయంలో ఒక మనిషికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండనివ్వలేదు. ఉమ్మడి రాష్ట్రంలో అది 2008 దాకా అమల్లో ఉంది. మిగులు తేలితే ప్రభుత్వానిది. సాగుభూమికి 1973 చట్టం మరో పరిమితి పెట్టింది. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి కొంటే ఆ కొనుగోలే చెల్లదు. గండిపేట, హిమాయత్‌సాగర్ ఎగువన 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలతో 1996లో 111 జీవో వచ్చింది. ఇన్ని తెలిసి, జాగ్రత్తగా చిన్న స్థలం ఒకటి కొని రిజిస్ట్రేషన్ చేయించి ముందుకు దూకాడనుకుందాం. ఖాళీ స్థలానికి ప్రహరీ కట్టించేవాడు లేడు, పన్ను కట్టేవాడు లేడు, హద్దురాయి జరిగితే అడిగేవాడు లేడు. లిమిటేషన్ చట్టం ప్రకారం పన్నెండేళ్లు బాహాటంగా, నిరాటంకంగా స్వాధీనంలో ఉన్నవాడి మీద అసలు యజమాని దావా చెల్లకుండా పోతుంది. పైగా ఏడేళ్లుగా అయినవాళ్లకు ఆచూకీ తెలియని మనిషి బతికే ఉన్నాడనేవాళ్లే దాన్ని రుజువు చేసుకోవాలని 1872 నుంచీ సాక్ష్య చట్టం చెబుతోంది. ముప్పై ఏడేళ్లు ఒక్క క్షణంలో దాటి వచ్చినవాడు చట్టం దృష్టిలో దాదాపు చనిపోయినవాడు. కాగితం చేతిలో ఉన్నా స్థలంలో అపార్ట్‌మెంటు లేచి ఉంటుంది, అందులో నలభై కుటుంబాలు కాపురం ఉంటాయి. వాళ్లలో ఒక్కరూ అతన్ని మోసం చేసినవాళ్లు కారు. న్యాయం కూడా వాళ్ల వైపే ఉందని నేనంటాను.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. తానే కొనడం ఎందుకు, తండ్రికో వయసులో ఉన్న తనకో చెప్పి వస్తే సరిపోతుంది కదా? అప్పుడు పేరు, చిరునామా, సంతకం అన్నీ అసలైనవే. ఈ అభ్యంతరం ముందు చెప్పిన చిక్కులన్నీ తీరుస్తుంది, కాదనను. అయితే అది సమస్యను తెలియడం నుంచి నిలబడటం మీదికి మారుస్తుంది. 1993లో నెలకు రెండు మూడు వేలు తెచ్చే ఉద్యోగికి 9,500 అంటే మూడు నుంచి ఐదు నెలల సంసారం. అప్పు చేసి కొన్నా తర్వాతి పాతికేళ్లలో కూతురి పెళ్లి, తల్లి ఆపరేషన్, ఇంటి స్లాబు, కొడుకు ఇంజినీరింగ్ సీటు వరసగా వస్తాయి. ప్రతిసారీ అమ్మడానికి సిద్ధంగా ఉన్నది ఆ షేర్లే. 2000 మార్చి తర్వాత సాఫ్ట్‌వేర్ బుడగ పేలినప్పుడు వాటి ధర కుప్పకూలింది. 2003 ఏప్రిల్‌లో ఒక్కరోజులోనే నాలుగో వంతుకు పైగా పడింది. భవిష్యత్తు నుంచి వచ్చి చెప్పిన మాట మీద ఆ రోజు కూడా నమ్మకం నిలవాలంటే, చెప్పిన మనిషి మీద ఉన్న నమ్మకం కళ్లెదుట కనిపిస్తున్న నష్టం కంటే పెద్దదై ఉండాలి. అది ఎవరికైనా కష్టమే. కష్టం ఓర్చుకునే తాహతు, ఇంట్లో మరో ఆదాయం, అమ్మాల్సిన అవసరం రాకుండా కాచే బంధువులు ఉన్నవాళ్లే అప్పట్లో కొని ఇప్పటిదాకా ఉంచుకోగలిగారు. వాళ్లకు కూడా ఏమీ ముందే తెలియదు. వాళ్లకు ఉన్నది ఆగగలిగే స్థోమత. మన నిట్టూర్పులో ఈ తేడా కనిపించదు కాబట్టే పేదరికం తెలివితక్కువతనంగా కనిపిస్తుంది. అది అన్యాయం.

సరే, పాతికేళ్లు ఆగే పని లేకుండా రేపటి పేపరు ఇవాళే చదివి లాభం తీసుకుంటే? ఈ ప్రశ్నకు ప్రయోగం చేసి మరీ సమాధానం చెప్పినవాళ్లున్నారు. విక్టర్ హఘాని, జేమ్స్ వైట్ అనే ఇద్దరు మదుపు నిపుణులు ఫైనాన్స్ చదివిన 118 మంది యువతీయువకులకు తలా 50 డాలర్లు ఇచ్చారు. వాల్‌స్ట్రీట్ జర్నల్ మొదటి పేజీని ఒకరోజు ముందుగా, ధరల వివరాలు మాత్రం కప్పేసి, చూపించారు. షేర్ల సూచీ మీదా బాండ్ల మీదా పందెం కాయమన్నారు. దాదాపు సగం మంది నష్టపోయారు, ఆరుగురిలో ఒకరు మొత్తం పోగొట్టుకున్నారు. సగటు లాభం 3.2 శాతం. ధర ఎటు కదులుతుందో వాళ్లు సరిగ్గా చెప్పింది నూటికి 51.5 సార్లే. వార్త తెలిసినా దానికి మార్కెట్ ఎలా స్పందిస్తుందో తెలియదు, ఎంత పెట్టాలో అంతకన్నా తెలియదు. నాలుగుసార్లు గెలిచి ఐదోసారి ఉన్నదంతా పెట్టినవాడు ఆ ఒక్కసారితోనే మునుగుతాడు. ఇదే పరీక్షలో ఆరితేరిన ఐదుగురు వ్యాపారులు అందరూ లాభపడ్డారన్నదీ చెప్పాలి. అంటే ముందుచూపు పనికొచ్చింది అది లేకపోయినా ఎలాగోలా నెగ్గుకొచ్చేవాళ్లకే. ఈ ప్రయోగం చేసిన హఘాని, నోబెల్ గ్రహీతలు సభ్యులుగా ఉండి 1998లో కూలిపోయిన ఎల్‌టీసీఎం నిధి స్థాపక భాగస్వాముల్లో ఒకరు. పెట్టే మొత్తం విషయంలో పొరపాటు ఎంత ఖరీదైనదో ఆయనకు బాగా తెలుసు.

ధర కూడా తెలిసి వెళ్లామంటారా? అప్పుడు చట్టం అడుగుతుంది. 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు మోసాన్ని ఒప్పుకున్న లేఖ బయటపడ్డ రోజు ఆ షేరు విలువలో మూడు వంతులకు పైగా తుడిచిపెట్టుకుపోయింది. జనవరి 6న పెద్ద ఎత్తున అమ్మకపు పందెం కాసినవాడు ఎవరైనా సరే, ముందుగా దర్యాప్తు అతని ఇంటికే వస్తుంది. పెద్ద వార్తకు ముందు జరిగిన వింత లావాదేవీలను వెతకడమే నిఘా విభాగాల పని. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2015 నిబంధనల్లో కంపెనీతో సంబంధం ఉన్నవాళ్లే కాక, బయటికి రాని కీలక సమాచారం చేతిలో ఉన్న ఎవరైనా లోపలి మనిషి కిందికే వస్తారు. రేపటి పేపరు చేతిలో ఉన్నవాడు ఆ నిర్వచనంలోకి అక్షరాలా వస్తాడు. గుర్రప్పందేల్లో, లాటరీల్లో ఇంత తంటా లేదనుకోవచ్చు. కానీ మలక్‌పేటలో టోటలైజర్ మీద కాసే డబ్బంతా ఒకే కుప్ప. గెలిచే గుర్రం మీద తాను ఎక్కువ కాసేకొద్దీ తనకు వచ్చే వంతు తగ్గుతుంది. లాటరీ డ్రాలో తిరిగే అంకెలైతే ఇంకా సున్నితం. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త వాతావరణ లెక్కలో 0.506127 బదులు 0.506 అని ఇస్తే కాసేపట్లోనే పూర్తిగా వేరే వాతావరణం వచ్చింది. అక్కడ లేని ఒక మనిషి అక్కడికి రావడం, క్యూలో ఒకరిని ఒక నిమిషం ఆపడం, అంతకన్నా చాలా పెద్ద మార్పు. తెలిసిన ఫలితం వాడుకోకుండా ఉన్నంతసేపే తెలిసినట్టు.

గతం నుంచి వస్తువులు తెచ్చి అమ్ముకునే దారి ఒకటి మిగిలింది. కృష్ణదేవరాయల హంపీ నుంచి తాటాకు ప్రతి ఒకటి తెచ్చామనుకుందాం. 1526 నుంచి 2025 దాకా అది ఏ భోషాణంలోనూ లేదు, ఏ పురుగూ దాన్ని కొట్టలేదు. ఐదు శతాబ్దాల్లో సుమారు ఆరు శాతం తగ్గాల్సిన కార్బన్-14 అందులో తగ్గనే లేదు. పరీక్షకు పంపితే ఆ ఆకు వయసు ఐదు వందల ఏళ్లని రాదు. నిజమైన ప్రతి నకిలీదని తేలుతుంది. ఒకవేళ పాతదని తేలినా 1972 నాటి పురావస్తువుల చట్టం దాన్ని దేశం దాటనివ్వదు, ఎవరి దగ్గర నుంచి వచ్చిందని అడుగుతుంది. పోనీ ఆ కాలంలోనే నేలలో పాతిపెట్టి ఈ కాలంలో తవ్వుకుందామంటే, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉంది. అక్కడ స్థల యజమాని వాటా అడుగుతాడు. వస్తువుకు విలువనిచ్చేది దాని వయసు ఒక్కటే అనుకుంటాం గానీ, చేతులు మారుతూ వచ్చిన చరిత్ర లేకపోతే ఆ వయసుకు సాక్ష్యం లేదు.

ఆర్థికవేత్త మార్క్ రైన్‌గానమ్ 1986లో ఒక చమత్కారమైన వాదన చేశారు. కాలయాత్ర సాధ్యమైతే అందరూ వెనక్కి వెళ్లి బ్యాంకులో డబ్బు వేసి ముందుకొచ్చి వడ్డీ తీసుకుంటారు, ఆ పోటీలో వడ్డీరేట్లు సున్నాకు పడిపోతాయి, ఇప్పుడు వడ్డీ ఉంది కాబట్టి కాలయాత్రికులు లేరు అని. వాదన అందంగా ఉంది, కానీ ఆయన ఒక విషయం ఉచితంగా తీసుకున్నారు. డిపాజిట్ వేసి మాయమైన మనిషికి బ్యాంకు యాభై ఏళ్లు చక్రవడ్డీ లెక్కగట్టి పెట్టదు. మన దేశంలో పదేళ్లు ఎవరూ కదిలించని డిపాజిట్ రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి పోతుంది. 2021 నుంచి దాని మీద ఇచ్చేది ఏడాదికి 3 శాతం సాధారణ వడ్డీ. వంద రూపాయలు 8 శాతం చక్రవడ్డీకి యాభై ఏళ్లలో 4,690 అవుతుందన్న లెక్క కాగితం మీద నిజం. ఆ వడ్డీ రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు వెళ్లి డిపాజిట్‌ను పునరుద్ధరిస్తూ ఉండాలి, బ్యాంకు మూతపడబోతోందని వింటే ముందే తీసేయాలి, కేవైసీ అడిగితే ఇవ్వాలి. అందుకే కాలయంత్రాలు వీధికొకటి ఉన్నా వడ్డీ ఉంటూనే ఉంటుందని నేననుకుంటాను.

యంత్రమే లేనప్పుడు ఇంత వాదన ఎందుకంటే, తెలిస్తే చాలునన్న నమ్మకాన్ని అమ్ముకునేవాళ్లు నిజంగానే ఉన్నారు కాబట్టి. టెలిగ్రామ్‌లో రేపటి షేరు చెప్తామనేవాళ్లు, ఇంకా అనుమతులు రాని వెంచర్‌లో ప్రీలాంచ్ ధరకే ప్లాటు అనేవాళ్లు మన నిట్టూర్పునే పెట్టుబడిగా వాడుకుంటున్నారు. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, వాళ్ల మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందని సెబీ అధ్యయనమే తేల్చింది. మరోపక్క నిజంగా గతంలో దాచిన డబ్బు ఒకటి ఉంది. 2024 మార్చి నాటికి ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు 78,213 కోట్లు రిజర్వు బ్యాంకు నిధిలో పడి ఉన్నాయి. వాటిని దాచింది మన తాతలు, తండ్రులు, మేనత్తలు. వెతకడానికి 2023లో 'ఉద్గమ్' పోర్టల్ పెట్టారు, మంచి పనే. కానీ పాసుపుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, రేషన్ కార్డులో అసలు లేకుండా ఉండే తెలుగు పేర్లతో ఆ వెతుకులాట ఎక్కడికక్కడ ఆగిపోతుంది. పేర్లలో ఇలాంటి తేడా ఉన్నప్పుడు ఊళ్లో ఇద్దరు సాక్షుల వాంగ్మూలం, పంచాయతీ ధ్రువీకరణ సరిపోవాలి. శాఖల వారీగా ఆ ఖాతాదారుల పేర్లు, ఊర్లు గ్రామ సచివాలయంలో, పంచాయతీ కార్యాలయంలో తెలుగులో అతికించాలి. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ఈ జాబితాల పని వచ్చే సమావేశంలోనే చేపట్టవచ్చు.